ఈ. కోలై లోపలి పీహెచ్: పీహెచ్‌లూరిన్ అంకెలు కుదరనప్పుడు

ఈ. కోలై బ్యాక్టీరియా లోపలి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) కొలవడానికి వాడే రేషియోమెట్రిక్ పీహెచ్‌లూరిన్ 1998లో వెలుగులోకి వచ్చిన జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) రకం. దాన్ని 410, 470 నానోమీటర్ల దగ్గర ఉత్తేజపరిచి, 510 దగ్గర వచ్చే వెలుగును చదువుతాం. కణం లోపల ఆమ్లత పెరిగితే 410 శిఖరం తగ్గి 470 శిఖరం లేస్తుంది. 410ని 470తో భాగించగా వచ్చే నిష్పత్తే మన కొలత.

వెలుగే సరిగా లేదు

ప్రోటీన్ జన్యువు పీబ్యాడ్ ప్లాస్మిడ్‌లో (అరబినోజ్ చక్కెరతో జన్యువును మేల్కొలిపే డీఎన్‌ఏ వలయంలో) ఉంటే, ముందు మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) గ్లూకోజ్ ఉందేమో చూడండి. ఉంటే అరబినోజ్ ఎంత పోసినా జన్యువు మేల్కోదు, గ్లిసరాల్‌కి మారాలి. గాలి తగలని కల్చర్‌లోనూ వెలుగు రాదు, క్రోమోఫోర్ (ప్రోటీన్‌లో వెలిగే భాగం) తయారవడానికి ఆక్సిజన్ కావాలి. 37 డిగ్రీల దగ్గర మసకగా ఉంటే ఎం153ఆర్ మార్పు ఉన్న రకం తీసుకోండి.

లోపలి పీహెచ్ 8 దాటి చూపిస్తోంది

ఇది చాలాసార్లు బ్లాంక్ (తీసివేయాల్సిన నేపథ్య వెలుగు రీడింగ్) తప్పు. ఎల్‌బీ మీడియం 410 దగ్గర సొంతంగా వెలుగుతుంది. బ్లాంక్‌గా ఒట్టి మీడియం కాదు, ఖాళీ ప్లాస్మిడ్ ఉన్న అదే స్ట్రెయిన్‌ని అదే ఓడీకి (కణాల సాంద్రత కొలతకి) తెచ్చి వాడాలి. తీసివేత రెండు తరంగదైర్ఘ్యాలకూ విడివిడిగా, భాగించడానికి ముందే జరగాలి. ఉదాహరణకి 410, 470 రీడింగులు వరసగా 5200, 2600 అనుకోండి: నిష్పత్తి 2.0. బ్లాంక్‌లు 2200, 600 అయితే మిగిలేది 3000, 2000. అసలు నిష్పత్తి 1.5! వీలైతే కణాలను ఎం63 లాంటి మినిమల్ మీడియంలో కడిగి, ఓడీ 0.4 దగ్గర చదవండి.

కాలిబ్రేషన్ గీత బల్లపరుపుగా ఉంది

ఎక్కువమందిని సతాయించేది ఇదే. కాలిబ్రేషన్ అంటే తెలిసిన పీహెచ్‌ల దగ్గర నిష్పత్తి చదివి గీత గీయడం. బయట 5.5 పెట్టినా 8 పెట్టినా నిష్పత్తి కదలదు. ప్రోటీన్ పాడైందని అనుకోకండి. కణం తన లోపలి పీహెచ్‌ని 7.5 చుట్టూ పట్టి ఉంచుతోంది, లోపలా బయటా ఇంకా సమం కాలేదంతే. సమం చేయడానికి వాడే రసాయనాల్లో నైజెరిసిన్ ఈ. కోలై బయటి పొరను సరిగా దాటలేదు. సీసీసీపీ (ప్రోటాన్లను పొర దాటించే రసాయనం) ఒక్కటే వేస్తే కొంత తేడా మిగిలిపోవచ్చు.

పొటాషియం బెంజోయేట్, మిథైలమిన్ హైడ్రోక్లోరైడ్ చెరో 40 మిల్లీమోలార్ కలపండి. బెంజోయిక్ ఆమ్లం చార్జి లేని రూపంలో పొర దాటి లోపల ప్రోటాన్ వదులుతుంది. మిథైలమిన్ కూడా అలాగే దాటుతుంది కానీ ప్రోటాన్‌ని పట్టుకుంటుంది. రెండు వైపుల నుంచీ లాగితేనే తేడా పోతుంది. ఈ లవణాలు కలిపాక బఫర్ (పీహెచ్‌ని నిలిపి ఉంచే ద్రావణం) పీహెచ్ మళ్లీ సరిచేయడం మరిచిపోకండి, అదీ ప్రయోగం చేసే ఉష్ణోగ్రత దగ్గరే. బఫర్‌గా పీహెచ్ 6 చుట్టూ ఎంఈఎస్, 7కి మాప్స్, 7.5కి హెపీస్, 8కి ట్యాప్స్ సరిపోతాయి, ఒక్కొక్కటి కనీసం 50 మిల్లీమోలార్. 5.5 నుంచి 8 వరకు ప్రతి అర యూనిట్‌కీ ఒక బిందువు తీసుకోండి. ఆ హద్దులు దాటి గీతను పొడిగించి చదవకూడదు.

ఆమ్లం పోసినా లోపల పడిపోవడం కనబడదు

పడిపోయింది, మీరు చూసేలోపే చాలావరకు కోలుకుంది. బయటి పీహెచ్ 7.5 నుంచి 5.5కి దించితే లోపలిది సెకన్లలో పడి, నిమిషాల్లో తిరిగి లేస్తుంది. చేత్తో పోసి ప్లేటు లోపల పెట్టేసరికి ఆ పల్లం దాటిపోతుంది. ప్లేట్ రీడర్‌లోని ఇంజెక్టర్ వాడి, మొదటి నిమిషంలో వీలైనంత దగ్గరదగ్గరగా చదవండి.

మైక్రోస్కోప్ కింద నిష్పత్తి మెల్లగా జారుతోంది

405 లేజర్ వెలుగుకు ప్రోటీన్ మాసిపోతోందేమో పరీక్షించండి. పీహెచ్ సమం చేసిన కణాలను అదే లేజర్ శక్తితో, అన్నే ఫ్రేములు తీయండి. అక్కడా జారితే శక్తి తగ్గించి, ఫ్రేముల మధ్య విరామం పెంచండి.