వారంటీ ముగిశాక సెకండ్ హ్యాండ్ కారు మొరాయిస్తే: రిపేరుకు డబ్బు కట్టేముందు చేయవలసిన పనులు

నేను కొన్న సెకండ్ హ్యాండ్ డీజిల్ కారుకు అమ్మిన సంస్థ ఇచ్చిన 6 నెలల వారంటీ ముగిసి 19 రోజులు గడిచాక, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుండగా నందిగామ దాటిన తరువాత టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి పైకి లేచింది. బండి పక్కకు ఆపి, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి చూస్తే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా అడుగంటింది. దగ్గరలోని షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కు, కింది బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయిందని, హెడ్ దించాలని, మొత్తం 45 వేలు అవుతుందని చెప్పారు. ఆ మాట నమ్మి అక్కడే ఒప్పుకొని ఉంటే డబ్బు పోవడమే కాదు, అసలు లోపం ఏమిటో ఎప్పటికీ తెలిసేది కాదు. అప్పటినుంచి నాకు అర్థమైన పద్ధతిని, చట్టంలో ఉన్న అవకాశాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది తేదీ. వారంటీ ఎప్పుడు ముగిసిందన్న దానికంటే, లోపం మొదట ఎప్పుడు కనిపించింది, దాన్ని మీరు ఎవరికి, ఏ రూపంలో చెప్పారు అన్నవి ముఖ్యం. వారంటీ నడుస్తుండగానే చెప్పిన కంప్లైంటును సరిచేయకుండా పైపైన చూసి పంపేస్తే, గడువు దాటిన తరువాత అదే లోపం మళ్ళీ వచ్చినప్పుడు ‘వారంటీ అయిపోయింది’ అన్న జవాబుకు బలం ఉండదు. నా విషయంలో నాలుగో నెలలోనే కూలెంట్ తగ్గుతోందని అమ్మినవారికి వాట్సాప్‌లో రాశాను. వారు డబ్బా నింపి, జాబ్ కార్డు (బండికి చేసిన పని రాసిచ్చే కాగితం) కూడా ఇవ్వకుండా బండి తిరిగి ఇచ్చారు. ఆ ఒక్క సందేశమే తరువాత నాకు ఆధారమైంది. కాబట్టి పాత సందేశాలు, కాల్ వివరాలు, సర్వీసు బిల్లులు, కొన్నప్పుడు ఇచ్చిన వారంటీ కాగితం, ప్రకటనలో కారు గురించి రాసిన మాటల స్క్రీన్‌షాట్లు అన్నీ ఒకచోట చేర్చి, తేదీల వరుసలో పెట్టుకోవాలి. వారంటీ కాగితాన్ని మరొకసారి పూర్తిగా చదవడం కూడా అవసరం, ఎందుకంటే చాలా వాటిలో ఇంజన్, గేర్‌బాక్సులకు ఒక గడువు, ఎలక్ట్రికల్ భాగాలకు మరొక గడువు ఉంటుంది. నెలలు మిగిలే ఉన్నా కిలోమీటర్ల పరిమితి ముందే దాటిపోవడం కూడా జరుగుతుంది.

తరువాతి పని రీకాల్ చూసుకోవడం. తయారీలోనే లోపం ఉన్నట్టు గుర్తించి కంపెనీ బండ్లను వెనక్కి పిలిచినప్పుడు, ఆ భాగాన్ని వారంటీతో సంబంధం లేకుండా ఉచితంగా మారుస్తారు. టకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగుల విషయంలో మన దేశంలో కూడా ఎన్నో ఏళ్ల నాటి కార్లకు అలా ఉచితంగానే మార్చారు. సెకండ్ హ్యాండ్ యజమానులు ఇక్కడే నష్టపోతారు: రీకాల్ కబురు కంపెనీ రికార్డులో ఉన్న మొదటి యజమాని ఫోనుకే వెళ్తుంది, మనదాకా రాదు. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల చాసిస్ నంబరును తయారీదారు వెబ్‌సైటులో నమోదు చేసినా, అధీకృత సర్వీస్ సెంటర్‌లో చెప్పినా మీ బండికి పెండింగ్ రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. అదే సమయంలో రికార్డులో మీ ఫోను నంబరు మార్పించుకొని, సర్వీసు చరిత్ర కూడా అడిగి తీసుకోవాలి. ఆ చరిత్రలో ప్రతి సందర్శనకూ కిలోమీటర్లు రాసి ఉంటాయి. మీకు అమ్మినప్పటి రీడింగ్ అంతకుముందు నమోదైన దానికంటే తక్కువగా ఉంటే, అది మామూలు రిపేరు తగాదా కాదు, మోసపు అమ్మకం.

ఇక లోపాన్ని నిర్ధారించడం. ఈ పనిని, రిపేరు పనిని రెండుగా విడదీయడం చాలా మేలు చేస్తుంది. ‘ముందు లోపం ఏమిటో చూసి రాసివ్వండి, దానికి అయ్యే డబ్బు విడిగా ఇస్తాను’ అని మొదటే చెబితే, అనవసరంగా భాగాలు మార్చవలసిన ఒత్తిడి మెకానిక్ మీద ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో నేను చూపించుకున్న పెద్దాయన అలాగే ఒప్పుకున్నారు. కూలెంట్ మూత స్థానంలో చేతిపంపు బిగించి, ముల్లు 1 బార్ దగ్గరకు వచ్చేదాకా గాలి కొట్టి, ఇరవై నిమిషాలు అలాగే వదిలేశారు. ముల్లు నెమ్మదిగా కిందికి దిగుతుంటే టార్చ్ తీసుకొని కింద పడుకొని, ‘ఇటు రండి బాబూ, మీ కళ్ళతో మీరే చూడండి’ అని పిలిచారు. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర గులాబీ రంగు పొడి చార కట్టింది, దాని కొసన కొత్త చుక్క ఒకటి తయారవుతోంది. అంటే కూలెంట్ కారుతున్నది వాటర్ పంపు నుంచే. హెడ్ గ్యాస్కెట్ పోతే కూలెంట్ డబ్బాలో బుడగలు, సైలెన్సర్ నుంచి ఆగని తెల్లని పొగ, ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం వంటి గుర్తులు కనిపిస్తాయని, నా బండిలో అవేవీ లేవని ఆయన ఒక్కొక్కటిగా చూపించారు. పంపు, కూలెంట్, లేబరు కలిపి 7,800 రూపాయల ఎస్టిమేట్ రాసిచ్చారు.

చెక్ ఇంజన్ లైటు వెలిగిన బండి అయితే కారు కంప్యూటరుకు స్కానర్ పెట్టించి, అది చూపే లోపాల కోడ్లను ఫోటో తీసుకోవాలి. కోడ్లను చెరిపేయడానికి ముందే తీసుకోవాలి, ఎందుకంటే లోపం వచ్చిన క్షణంలో ఇంజన్ వేగం, వేడి ఎంతున్నాయో చెప్పే వివరాలు కూడా వాటితో చెరిగిపోతాయి. కోడ్ ఏ వ్యవస్థలో తేడా ఉందో చెబుతుందే తప్ప ఏ భాగం మార్చాలో చెప్పదు. సెన్సర్ కోడ్ వచ్చిందని సెన్సర్ మార్చేశాక, లోపమంతా తెగిన వైరులోనో వదులైన కనెక్టరులోనో ఉన్నట్టు తేలడం షెడ్డుల్లో తరచూ జరిగేదే.

రిపేరు చేయించేయడానికి తొందరపడకండి. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఇంజన్ విప్పి భాగం మార్చేస్తే, లోపం ఉండేదని నిరూపించే వస్తువే మాయమవుతుంది. ముందుగా అమ్మిన సంస్థకు ఈమెయిల్ ద్వారా, స్పీడ్ పోస్టు ద్వారా నోటీసు పంపి, లోపం ఏమిటో, మొదట ఎప్పుడు చెప్పారో, ఎస్టిమేట్ ఎంతో రాసి, వచ్చి చూసుకోవడానికి 10 లేదా 15 రోజుల గడువు ఇవ్వాలి. బండి లేకుండా గడవని పరిస్థితి అయితే పరీక్షను వీడియో తీయించి, మెకానిక్ సంతకంతో నివేదిక తీసుకొని, మార్చిన పాత భాగాన్ని సంచిలో కట్టి దాచుకోవాలి. పాత భాగం అడిగి తెచ్చుకోవడం మొహమాటపడవలసిన విషయమేమీ కాదు.

బండికి అమ్మకందారు వారంటీ గానీ కంపెనీ వారంటీ గానీ లేకపోయినా, తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌కు రాస్తే కొన్నిసార్లు గుడ్‌విల్ కింద విడిభాగాల ధరలో కొంత భరిస్తారు. ఇది హక్కు కాదు, వారి విచక్షణ. సర్వీసులన్నీ సమయానికి అధీకృత సెంటర్‌లోనే జరిగి, కారు తక్కువ తిరిగి, ఆ మోడల్‌లో అదే భాగం చాలామందికి పాడవుతున్నప్పుడు మాత్రమే ఆశ ఉంటుంది. మామూలు మోటారు ఇన్సూరెన్సు ఇక్కడ పనికిరాదు, అరుగుదల వల్లా యాంత్రిక వైఫల్యం వల్లా వచ్చే నష్టాన్ని అది మినహాయిస్తుంది.

అమ్మిన సంస్థ నోటీసుకు కదలకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేని ఈ దశలోనే చాలా సంస్థలు రాజీకి వస్తాయి. అప్పటికీ తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. అమ్మినవారి ఊరికి వెళ్ళనక్కరలేదు. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది, 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటినుంచి 2 సంవత్సరాల లోపు వేయాలి. తయారీ లోపమని గానీ, అమ్మేనాటికే ఉన్న లోపమని గానీ వాదిస్తున్నప్పుడు మన మాట ఒక్కటే చాలదు, నిపుణుడి నివేదిక ఉండాలి. పైన చెప్పిన పరీక్ష కాగితం అక్కడ పనికివస్తుంది. అయితే అమ్మింది వ్యాపారి కాక ఒక సాధారణ వ్యక్తి అయితే ఈ దారి మీకు దాదాపు మూసుకుపోయినట్టే, ఎందుకంటే ఈ చట్టం వ్యాపారుల అమ్మకాలను ఉద్దేశించినది. ఆ పరిస్థితిలో తక్కువ ఖర్చుతో మంచి రిపేరు చేయించుకోవడం మీదే దృష్టి పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

రిపేరు చేయించేటప్పుడు భాగం ఒరిజినలా, అదే కంపెనీకి సరఫరా చేసే తయారీదారుదా, లేక పాత బండినుంచి తీసిన సెకండ్సా అన్నది ఎస్టిమేట్‌లోనే రాయించుకోవాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ మూడు రకాలూ దొరుకుతాయి. అద్దాలు, తలుపులు, సీట్లు సెకండ్స్ తీసుకోవచ్చు గానీ వాటర్ పంపు, బ్రేకు భాగాలు, టైమింగ్ బెల్టు ఎంత చవకగా వచ్చినా కొత్తవే వేయించాలి. బిల్లు మీద పార్టు నంబరు, కిలోమీటర్ల రీడింగ్, పనికి ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తున్నారో ఉండాలి.

నేను నోటీసుతోపాటు నాలుగో నెల నాటి సందేశం, పరీక్ష వీడియో, ఎస్టిమేట్ పంపాను. పన్నెండో రోజున అమ్మిన సంస్థవారు ఫోను చేసి, రిపేరు చేయించి బిల్లు పంపమన్నారు. 7,800 రూపాయలు నెలలోపు ఖాతాలో పడ్డాయి. పంపు మార్చిన తరువాత 500 కిలోమీటర్ల వరకు ప్రతి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి, తేదీతో ఫోటో తీసుకున్నాను. గీత కిందికి దిగలేదు.