లాంకాస్టర్‌ని తోక దగ్గర్నుంచి చూడండి

లండన్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంకి తీసుకెళ్తాను. టికెట్ లేదు. నార్తర్న్ లైన్‌లో ఎడ్జ్‌వేర్ వైపు రైలెక్కి, కోలిండేల్‌లో దిగి నడవడమే. అక్కడ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద బాంబులేసిన ఆర్5868 నెంబరు లాంకాస్టర్ విమానం ఉంది. వచ్చినవాళ్లంతా దాని ముక్కు దగ్గర ఫోటో దిగి వెళ్లిపోతుంటారు. మీరు ముందు తోక వైపు నడవండి.

తోక చివర నాలుగు బ్రౌనింగ్ గన్నులున్న గూడులో ఒక్క మనిషి కూర్చునేవాడు. బెర్లిన్ దాకా వెళ్లి రావడమంటే ఏడెనిమిది గంటలు, గడ్డకట్టే చలి. పారాచూట్‌కి అందులో చోటే లేదు, వెనక విమానం లోపల పెట్టేవారు. దూకాల్సి వస్తే ముందు వెనక్కి తిరిగి తలుపులు తీసి, దాన్ని అందుకుని తగిలించుకోవాలి. ఇది తెలిశాక ఆ గూడు ఎంత ఇరుకో ఇంకోసారి చూడండి.

తర్వాత కాస్త వంగి పొట్ట కిందికి చూడండి. బాంబుల అర 33 అడుగుల పొడవు, మధ్యలో అడ్డు లేదు. అందుకే చాలా పెద్ద బాంబులు కూడా పట్టేవి; ఈ విమానం గొప్పంతా అక్కడే ఉంది.

ఇంజన్ల దగ్గర తొందరపడకండి. నాలుగూ రోల్స్‌రాయిస్ మెర్లిన్లే. ఒక్కోదానికి 12 సిలిండర్లు, సిలిండర్‌కి రెండు ప్లగ్గులు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన మా మామయ్యగారు వేళ్ల మీద లెక్కేసి, "96 ప్లగ్గులమ్మా! రాత్రికి రాత్రి ఎవరు మార్చేవారో పాపం" అన్నారు. పైలట్ల ఊసే ఎత్తలేదాయన.

ముక్కు దగ్గరికి ఆఖర్న రండి. శత్రు విమానమేదీ జర్మనీ మీద ఎగరదని హిట్లర్ వైమానిక దళాధిపతి గోరింగ్ పలికిన బీరాలని అక్కడ వెక్కిరింపుగా రాశారు. పక్కనే వరసలు వరసలుగా బాంబు గుర్తులు. ఈ విమానం 137 దాడులకి వెళ్లొచ్చింది. కానీ దీన్ని చూసి అన్నీ ఇలాగే తిరిగొచ్చాయనుకోవద్దు. ఆర్‌ఏఎఫ్‌లో బాంబర్లు నడిపిన విభాగం బాంబర్ కమాండ్ విమానాల్లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు.

ముక్కు అడుగున తప్పించుకునే తలుపు వెడల్పు 22 అంగుళాలు. హాలిఫాక్స్ బాంబర్‌కి ఇంకో రెండు అంగుళాలు ఎక్కువ. బరువైన దుస్తులూ పారాచూట్‌తో దూరేవాడికి ఆ రెండు అంగుళాలే ప్రాణం. నార్వే చెరువులోంచి 1973లో పైకి తీసిన హాలిఫాక్స్ కూడా ఈ మ్యూజియంలోనే ఉంది. రంగులేసి ముస్తాబు చేయకుండా తుప్పుతోనే ఉంచారు. దానికి కనీసం అరగంట ఉంచుకోండి. స్కూలు పిల్లల గోల వద్దనుకుంటే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి.