పికప్ బండిని ఇంటి దగ్గర జాకీ మీద లేపాలంటే ముందు చూడాల్సింది చక్రాలనే

వెనక బ్రేకు షూలు చూడాలన్నా, టైర్లు ముందువి వెనక్కి మార్చాలన్నా నా పికప్‌ను నేనే లేపుకుంటాను. ఈమధ్య మా అబ్బాయి కూడా పానా పట్టుకుని నాతో కూర్చుంటున్నాడు. రేపు నేను పక్కన లేకపోయినా వాడు బండి కింద దూరతాడు కాబట్టి, ఏ పని తర్వాత ఏ పనో వాడికి చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

పికప్ ఖాళీగా ఉన్నా సుమారు రెండు టన్నులు తూగుతుంది. పైగా నేలకు బాగా ఎత్తులో ఉంటుంది. చిన్న కారుకు కొన్న జాకీ దీనికి బరువులోనూ చాలదు, ఎత్తులోనూ అందదు. నేను వాడేది 3 టన్నుల ట్రాలీ జాకీ, అంటే కింద చిన్న చక్రాలున్న జాకీ. బండితో పాటు వచ్చే జాకీ దారిలో స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే. లేపిన బండి బరువును మోసే స్టాండ్లు కొనేటప్పుడు వాటి మీద రాసిన బరువు ఒక్కోదానిదా, జతదా అన్నది తప్పకుండా చదవండి. రెండు రకాలుగానూ రాస్తారు.

చోటు చదునైన గట్టి కాంక్రీటు అయితే మంచిది. మట్టి మీద వద్దు. ఎండకు మెత్తబడిన తారులో స్టాండు కాళ్లు దిగబడతాయి. అక్కడే చేయక తప్పదంటే స్టాండు అడుగు కంటే వెడల్పైన మందపాటి ప్లైవుడ్ ముక్క కింద వేయండి. నేల వాలుగా ఉంటే మాత్రం బండిని వేరే చోటికి తీసుకెళ్లండి. తొట్టెలో బరువులుంటే ముందే దించేయండి.

ఇక చక్రాల అడ్డాలు. నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునేది వీటినే. హ్యాండ్ బ్రేకు వేశాం, గేర్‌లో పెట్టాం, ఇక బండి కదలదని చాలామంది అనుకుంటారు. చాలా పికప్‌లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వెనక చక్రాలతో నడిచే బండిలో గేరైనా, ఆటోమేటిక్‌లో పార్క్ అయినా ఆపేది వాటినే. ఆ రెండు చక్రాలనూ గాల్లోకి లేపారంటే నేల మీద మిగిలిన ముందు చక్రాలను పట్టి ఉంచేది ఏదీ లేదు. ఒక్క వెనక చక్రాన్నే లేపినా గేరును నమ్మకూడదు. ఇరుసు మధ్యలో రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్ల గుంపు, డిఫరెన్షియల్, ఉంది కాబట్టి లేచిన చక్రం ఒకవైపు తిరుగుతుంటే నేల మీది చక్రం రెండోవైపు తిరగగలదు. అప్పుడు బండిని ఆపుతున్నది ఆ ఒక్క చక్రం మీది హ్యాండ్ బ్రేకే.

అందుకే వెనక లేపేటప్పుడు ముందు చక్రాలు రెండింటికీ, ముందూ వెనకా, మొత్తం నాలుగు అడ్డాలు పెడతాను. ముందు లేపేటప్పుడు వెనక చక్రాలకు అలాగే. వాలుగా కోసిన చెక్కగానీ రబ్బరు అడ్డంగానీ ఉండాలి, గుండ్రటి రాయి పనికిరాదు. టైరుకూ అడ్డానికీ మధ్య వేలు దూరుతోందంటే ఇంకా లోపలికి కొట్టాలి.

చక్రం విప్పే పని ఉంటే బండి నేల మీద ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేయండి. లేపిన బండి మీద బిగుసుకున్న నట్టును బలంగా లాగితే బండి ఊగుతుంది.

జాకీ ఎక్కడ పెట్టాలో బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. లీఫ్ స్ప్రింగులున్న బండికి వెనక ఇరుసు గొట్టం కింద, స్ప్రింగు కట్టకు దగ్గరగా పెడతాను. చాసిస్ కింద పెడితే స్ప్రింగు సాగి చక్రం కిందికే వేలాడుతుంది, అది నేల వదిలేసరికి చాలా ఎత్తు లేపాల్సి వస్తుంది. ఇరుసు కింద పెడితే కొద్ది ఎత్తుకే చక్రం లేస్తుంది. డిఫరెన్షియల్ మీది రేకు మూతకు, బ్రేకు పైపులకు జాకీ తగలనివ్వకండి. ముందు వైపు ఆయిల్ సంపు, గేర్ బాక్సు, స్టీరింగు రాడ్ల జోలికి పోకుండా, పుస్తకం చూపిన చోటే పెట్టండి.

లేపేటప్పుడు ట్రాలీ జాకీ చక్రాలను గమనించండి. జాకీ చెయ్యి వంపుగా పైకి లేస్తుంది కాబట్టి, దాని పైపళ్లెం బండిని అంటిపెట్టుకుని ఉండాలంటే జాకీ తానే కొద్దికొద్దిగా బండి కిందికి జరగాలి. ఒక చిన్న రాయి ఆ చక్రానికి అడ్డం పడితే చాలు, పళ్లెం ఇరుసు మీద నుంచి పక్కకు జారడం మొదలవుతుంది. అందుకే లేపబోయే ముందు అక్కడ నేల ఊడుస్తాను. జాకీ చక్రాలకు మాత్రం ఎప్పుడూ అడ్డం పెట్టకూడదు.

జాకీ పని ఎత్తడం వరకే. లోపలి సీలు ఒక్కటి పోతే నూనె కారి బండి కిందికి వచ్చేస్తుంది. ఒక వైపు ఎత్తగానే ఇరుసు గొట్టం కింద స్టాండు పెట్టి, జాకీ వాల్వును చాలా నెమ్మదిగా తిప్పి బరువును దాని మీదికి దించండి, రెండో వైపూ అలాగే ఒకే ఎత్తులో పెట్టండి. పళ్ల స్టాండైతే కొక్కెం పంటిలో పూర్తిగా కూర్చుందో లేదో వంగి కళ్లతో చూడండి. 2020లో అమెరికాలో 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లు 17 లక్షలకు పైగా వెనక్కి పిలిపించింది ఈ లోపం వల్లే. కొక్కెం సరిగా పట్టక, బరువు అటూ ఇటూ కదిలితే జారిపోయే ప్రమాదం ఉండేది. నేను పళ్లతో పాటు అడ్డంగా లాకు పిన్ను కూడా ఉన్నవే తీసుకున్నాను. స్టాండు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టవద్దు. బరువంతా ఒక చోట పడితే అవి చెప్పకుండా పగిలిపోతాయి.

ఇప్పుడు బయట నిలబడి తొట్టె అంచు మీద రెండు చేతులూ వేసి అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ గట్టిగా తోయండి. స్టాండు కాలు లేచినా, కిర్రుమన్నా మళ్లీ లేపి సరిచేయండి. అది నిలిచాకే మా అబ్బాయిని కిందికి రానిస్తాను. విప్పిన చక్రాన్ని చాసిస్ కింద పడుకోబెడతాను, జాకీని కూడా ఇరుసుకు తగిలీ తగలనట్టు అక్కడే ఉంచుతాను. తాళం చెవి నా జేబులో ఉంటుంది, క్యాబిన్‌లో ఎవరూ కూర్చోరు. జాకీని కదిలించేటప్పుడు బండి కింద చెయ్యి కూడా ఉండకూడదు.

పని అయ్యాక చక్రం ఎక్కించి నట్లన్నీ చేత్తో మొదలుపెట్టి, పానాతో కొద్దిగా బిగించండి. కింద పనిముట్లు మిగిలాయేమో చూసి, జాకీతో కాస్త లేపి స్టాండ్లు తీసి, మెల్లగా దించండి. చక్రం నేల మీద ఆనాక, పుస్తకంలో ఉన్న టార్కుకు (ఎంత బలంతో బిగించాలన్న కొలతకు), ఒక నట్టు తర్వాత దాని ఎదురు నట్టు చొప్పున పూర్తిగా బిగించి, ఆ తర్వాతే అడ్డాలు తీయండి. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక అవే నట్లను టార్క్ రెంచితో మరోసారి చూసుకోండి.