పగ కథ రాద్దాం – 4వ పాఠం: వెనక్కి నడిచే సీన్లు

పోయిన పాఠంలో ఒక పగ కథని అయిదు కార్డుల మీద, కార్డుకో సీను చొప్పున రాయమన్నాను. ఆ కార్డులు తీసి ముందు పెట్టుకోండి. రాయనివాళ్ళు పాత పెళ్ళి శుభలేఖల వెనకైనా సరే, ఇప్పుడు రాసేయండి.

ఈసారి నమూనా క్రిస్టొఫర్ నోలన్ తీసిన ‘మెమెంటో’. భార్యని చంపినవాడి కోసం వెతికే లెనర్డ్ కథ ఇది; అతనికి కొత్త సంగతులేవీ కాసేపటికి మించి గుర్తుండవు. ఇందులో రంగుల సీన్లు చివర్నుంచి మొదటికి నడుస్తాయి. ఇండిపెండెంట్ సినిమా, అంటే పెద్ద స్టూడియోల అండ లేకుండా తీసింది. 2000లో వెనిస్ చిత్రోత్సవంలో చూపించారు. అయినా అమెరికాలో పెద్ద పంపిణీదారులెవరూ ముందుకు రాకపోతే, డబ్బు పెట్టిన న్యూమార్కెట్ సంస్థే 2001లో విడుదల చేసుకుంది.

‘గజిని’ చూసిన మనకి ఆ పచ్చబొట్లు, ఫొటోల మీద రాతలు కొత్త కాదు. తేడా వేరేచోట ఉంది. ‘గజిని’లో కల్పనతో పాటు మనం చాలాసేపు నవ్వుతాం, ఆమె పోతే ఏడుస్తాం. ఇక విలన్‌ని ఎంత కొట్టినా తక్కువే అనిపిస్తుంది. ‘మెమెంటో’లో లెనర్డ్ భార్య తునకలు తునకలుగా తప్ప కనబడదు. చంపాల్సింది అసలు ఎవరిని అన్న నమ్మకం కూడా మనకి మిగలదు. పగ కథలో ప్రేక్షకుడికి దొరికే పెద్ద సుఖం ఆ నమ్మకమే. దాన్నే నోలన్ లాగేసుకుంటాడు!

మొదటి షాట్ చూడండి. చేతిలో శవం ఉన్న పోలరాయిడ్ ఫొటో (తీసిన వెంటనే కెమెరాలోంచి బయటికొచ్చే రకం). ఊపుతున్నకొద్దీ బొమ్మ తేలాల్సింది పోయి వెలిసిపోతుంది, చివరికి కెమెరాలోకే వెళ్ళిపోతుంది. హత్య అయిపోయిందని మొదటి నిమిషాల్లోనే తెలిసింది కాబట్టి, ఇక మిగిలింది ‘ఎందుకు?’ ఒక్కటే.

నాకు బాగా నచ్చింది పరుగు సీను. లెనర్డ్ పరిగెడుతుంటాడు, ఎందుకో తనకే గుర్తులేదు. కాస్త అవతల ఇంకొకడూ పరిగెడుతున్నాడు. వీణ్ణే తరుముతున్నాను కాబోలు అనుకుని అటు మళ్ళుతాడు. వాడు తుపాకీ పేలుస్తాడు. కాదు, వాడే నన్ను తరుముతున్నాడు! నవ్వొస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. దీనికి ముందు జరిగింది మనకింకా చూపించలేదు కాబట్టి మన బుర్రా అతని బుర్రలాగే ఖాళీ. గ్రాఫిక్స్ ఏమీ లేకుండా, ఉత్త వరస మార్చి ఆ కలలాంటి స్థితి తెప్పించాడు నోలన్.

ఇప్పుడు మీ కార్డులు తిరగేయండి. అయిదోది పైకి, ఒకటోది అడుక్కి. నేను మొదటిసారి ఇంతటితో ఆపేసి స్నేహితుడికి చూపిస్తే, “కార్డులు కిందపడ్డాయా?” అన్నాడు. కుట్టు వేయడం మర్చిపోయాను మరి. ప్రతి సీను చివరి క్షణమూ, అంతకుముందే మనం చూసేసిన సీను మొదటి క్షణంతో కలవాలి. ఒక చప్పుడో, ఒక వస్తువో చాలు.

నా కార్డుల్లోదే చెప్తాను. అయిదో సీను మొదట్లో హీరో తడి చొక్కాతో రైల్వే గేటు దగ్గర నిలబడి ఉంటాడు. వాన పడిందేమో అనుకుంటాం. తర్వాత వచ్చే నాలుగో సీను చివర్లో వీధి కుళాయి కింద అదే చొక్కా ఉతుకుతుంటాడు, నీళ్ళు ఎర్రగా పోతుంటాయి.

అన్నీ వెనక్కే నడిపితే మాత్రం చూసేవాడికి తల తిరుగుతుంది. అందుకే నోలన్ రంగుల సీన్ల మధ్య ముందుకు నడిచే నలుపు-తెలుపు సీన్లు పెట్టాడు. ఆ రెండు దారులూ కలిసేచోటు వచ్చే పాఠంలో. ఈలోగా నాలుగు కుట్లు వేసి ఉంచండి. కార్డుల మీద నంబర్లు పెన్సిల్‌తోనే వేయండి, మళ్ళీ మారుస్తాం.