కడప-చెన్నై విమాన దూరం లెక్క తప్పుతోందా?

రెండు ఎయిర్‌పోర్ట్‌ల అక్షాంశ రేఖాంశాలతో ఎక్సెల్‌లో దూరం లెక్కేస్తున్నారా? ముందు మీకొచ్చిన జవాబును రోడ్డు దూరం పక్కన పెట్టి చూడండి. విమానం కొండలూ మలుపులూ చుట్టి పోదు కాబట్టి దాని దూరం రోడ్డు కంటే తక్కువే ఉండాలి. ఎన్నిసార్లు చెప్పినా ఇది చూడకుండానే ఎక్సెల్ షీటు పట్టుకొస్తారు.

వేల కిలోమీటర్లు వస్తోంది

దూరం సూత్రంలోని సైన్, కాస్ ఫంక్షన్లకు నేరుగా డిగ్రీలు ఇచ్చారు. ఎక్సెల్‌కు రేడియన్లు (కోణానికి ఇంకో కొలత) కావాలి. రేడియన్స్ ఫంక్షన్‌తో మార్చి ఇవ్వండి.

జవాబు నమ్మేలానే ఉంది, ముప్పై కిలోమీటర్లు తేడా

ఇదే నన్ను ముంచింది. మా అక్క కూతురి కాలేజీ ప్రాజెక్టుకు నేనే కూర్చుని లెక్క వేశాను. 260 వచ్చింది. రాజంపేట, రేణిగుంట మీదుగా రోడ్డు కూడా ఇంచుమించు అంతే కదా, సరిపోయింది అనుకున్నాను. నిజానికి అక్కడే అనుమానం రావాలి. అసలు దూరం సుమారు 227. పాప షీటు ఇచ్చేసి వచ్చాక తెలిసింది, చాలా బాధేసింది.

కారణం ఒక చుక్క. కడప ఎయిర్‌పోర్ట్ అక్షాంశం 14 డిగ్రీల 30 నిమిషాలు, రేఖాంశం 78 డిగ్రీల 46 నిమిషాలు. నేను 14.30, 78.46 అని కొట్టాను. డిగ్రీకి 60 నిమిషాలు, వంద కాదు. 30ని 60తో భాగిస్తే 0.5, అంటే 14.50 అని రాయాలి. అలాగే 46 నిమిషాలు 0.77 అవుతుంది, అంటే 78.77. సెకన్లు కూడా ఉంటే 3600తో భాగించి కలపండి. ఒక్క డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. 14.50 బదులు 14.30 పడితే కడప 22 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయినట్టే. చెన్నైది కూడా అలాగే తప్పు కొడతాం కాబట్టి జవాబు మరీ వింతగా రాదు, అందుకే దొరకదు.

పట్టుకునే మార్గం ఒకటుంది. షీటులో చుక్క తర్వాతి రెండంకెలు ఎక్కడా 59 దాటలేదంటే అవి నిమిషాలే అయ్యుంటాయి.

టైం మరీ తక్కువ వస్తోంది

జెట్ విమానం లెక్కన గంటకు 800 కిలోమీటర్లు అనుకుని, 227ని 800తో భాగించి పదిహేడు నిమిషాలంటారు. కడపకు వచ్చే ఏటీఆర్ 72 ప్రొపెల్లర్ విమానం, గంటకు దాదాపు 500 కిలోమీటర్లే పోతుంది. పైగా టికెట్ మీది టైం విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకా. ఇంకో అరగంట కలపండి.

కువైట్ టికెట్‌లో పది గంటలకు ఎక్కి పన్నెండున్నరకు దిగినట్టుంటే ప్రయాణం ఐదు గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక.

కర్నూలుకైతే ఊరి అక్షాంశం కాదు, ఓర్వకల్లు దగ్గరి ఎయిర్‌పోర్ట్‌ది తీసుకోండి. దూరం నాటికల్ మైళ్లలో (విమానాలు, ఓడల వాళ్లు వాడే మైళ్లు) కనిపిస్తే, కిలోమీటర్లకు మార్చడానికి 1.852తో గుణించండి. భూమి పూర్తి గుండ్రం కాదన్న తేడా అర శాతం కూడా దాటదు, దాని జోలికి పోకండి.