పరిశుద్ధ జీవితం, నిత్యానందం – ఐదవ పాఠం: మేకపిల్ల లెక్క

నాలుగవ పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందిని ఇబ్బంది పెట్టిందని మీ ఉత్తరాల వల్ల తెలిసింది. రోజూ పడుకోబోయే ముందు పది నిమిషాలు కూర్చుని, ఆ రోజు ఎక్కడ తప్పిపోయారో, ఎక్కడ ప్రభువునందు ఆనందించారో రెండు వరుసలుగా రాసుకోమన్నాను. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉండే ఒక సోదరుడు, గలతీ పత్రికలో పౌలు ప్రేమ, సంతోషం మొదలైన తొమ్మిది గుణాలుగా చెప్పిన ఆత్మఫలానికి తొమ్మిది గడులు గీసి, గుణానికి పదేసి మార్కులు పెట్టుకున్నారు. దీర్ఘశాంతానికి, అంటే ఓర్పుకు, సిల్క్‌బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజున రెండు, ఇంటి నుండి పనిచేసిన రోజున ఎనిమిది వచ్చాయట. ఒక సోదరి మొదటి వరుస నిండిపోయిందని, రెండవదానిలో రాయడానికి ఏమీ దొరకలేదని, ఇప్పుడు ప్రార్థనకు కూర్చోవాలంటేనే భయం వేస్తోందని రాశారు. మూడవ ఉత్తరం ఇలా ఉంది: “నెల రోజులు నోరు అదుపులో పెట్టుకున్నాను, ప్రతి శుక్రవారం ఉపవాసమున్నాను, అయినా ప్రమోషన్ నాకు రాలేదు, పక్క టీమ్ అతనికి వచ్చింది.”

మొదటి ఇద్దరి విషయంలో తప్పు నాదే. తప్పిపోయిన చోటును ముందు రాయమనడం పొరపాటు, ఈ రోజు నుండి ఆ క్రమాన్ని తిరగవేయండి. పాపం చేసినందుకు నాతాను ప్రవక్త వచ్చి గద్దించిన తరువాత దావీదు రాజు చేసిన ప్రార్థనగా చెప్పుకునే 51వ కీర్తనలో “నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము” అనే మాట ఉంది. “మరల” అన్నాడంటే ఆ ఆనందం ఒకప్పుడు అతనికి తెలిసినదే, పాపం వల్ల ఏది పోయిందో అతడు గుర్తుపట్టగలిగాడు. ఆనందాన్ని ఎన్నడూ రాసుకోని మనిషికి పాపాల జాబితా ట్రాఫిక్ పోలీసు చలానాల కట్టలా కనిపిస్తుంది. కట్టి బయటపడాలన్న ఆత్రమే తప్ప పోగొట్టుకున్నది తిరిగి కావాలన్న ఆకలి అతనిలో పుట్టదు. ఇక మార్కుల సంగతికి వస్తే, పౌలు “ఆత్మ ఫలము” అని ఏకవచనంలో రాశాడు. తొమ్మిది గుణాలూ కలిసి ఒక్కటే ఫలం గనుక పదవ తరగతి సబ్జెక్టుల మాదిరిగా విడదీసి మార్కులు వేయడం కుదరదు.

నేను మాత్రం రోజుకో కాగితం చింపే క్యాలెండర్ వెనుక పెన్సిల్‌తో రాస్తాను. నాలుగు వాక్యాలకు మించి పట్టదు, అదే దానిలోని మేలు. ఫోన్‌లో రాసేవారిని నేను ఆపలేను గాని, ఆ పద్ధతి నాకు ఇష్టం లేదు. ఉదయ ధ్యానం, బైబిలు పఠనం, ఆదివారపు ఆరాధన మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

మూడవ ఉత్తరం దగ్గర ఆగాలి, ఎందుకంటే సంఘంలో నన్ను అన్నిటికంటే విసిగించే ఉచ్చు ఇదే. లూకా 15వ అధ్యాయంలో ఆస్తి పాడుచేసుకుని తిరిగివచ్చినప్పుడు తండ్రి విందు చేసిన ఆ తప్పిపోయిన చిన్న కుమారుని గురించి అందరూ ప్రసంగిస్తారు. పెద్ద కుమారుడు పొలం నుండి వచ్చి, ఇంట్లో ఆ విందు వాద్యాలు, నాట్యం విని, లోపలికి రాకుండా ఆగిపోయి తండ్రితో అన్నదేమిటి? “ఇన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే, నీ ఆజ్ఞను నేనెన్నడును మీరలేదే, అయినను నా స్నేహితులతో సంతోషపడునట్లు నీవు నాకెన్నడును ఒక మేకపిల్లనైన ఇయ్యలేదు.” ఈ వాక్యంలోని కీలు “అయినను” అనే మాట. దానికి ముందున్నది అతని పరిశుద్ధత, తరువాత ఉన్నది అతనికి రావలసిన బాకీ. ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉండి, తండ్రి దగ్గర కొడుకుగా కాక కూలివానిగా బతికాడు. పైగా అతడు కోరుకున్న సంతోషంలో తండ్రికి చోటే లేదు, “నా స్నేహితులతో” అన్నాడు.

ఈ మేకపిల్ల అనేక రూపాలలో మన ఇళ్ళలో తిరుగుతూనే ఉంటుంది. దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు, సంఘానికి తప్పకుండా ఇచ్చినా పిల్లవానికి ఇంజనీరింగ్ సీటు రాలేదని బాధపడే తండ్రి దగ్గర ఉంది. ప్రార్థనకే రాని పక్కింటావిడ మారతహళ్ళిలో ఫ్లాట్ కొన్నదని, మనం ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నామని నిట్టూర్చే గృహిణి దగ్గర ఉంది. సాక్ష్యం చెప్పడానికి లేచి, “నేను నమ్మకంగా ఉన్నాను గనుక దేవుడు నాకు వీసా ఇచ్చాడు” అనే యువకుని దగ్గర అది బాగా బలిసి ఉంటుంది, ఎందుకంటే అతని విషయంలో లెక్క సరిపోయింది. లెక్క తప్పినవాడు ఎప్పుడో ఒకప్పుడు ప్రశ్నించుకుంటాడు, సరిపోయినవాడికి ఆ అవసరమే కనిపించదు. అందుకే చెబుతున్నాను: మీ నెల కాగితాలన్నీ ముందు వేసుకుని “అయినా”, “ఇంత చేసినా”, “అందుకే నాకు” అన్న మాటల కింద గీత గీయండి. గీత పడిన ప్రతిచోట మీరు దేవునికి బిల్లు రాశారని అర్థం.

అయితే ప్రమోషన్ కోరుకోవడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. మన విన్నపాలను దేవునికి తెలియజేయమని పౌలే ఫిలిప్పీయులకు రాశాడు, అయితే విన్నపం వేరు, బిల్లు వేరు. అదే అధ్యాయంలో, చెరలో బంధకాలలో ఉండి, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తి కలిగి ఉండడం “నేర్చుకొని యున్నాను” అంటాడు. నేర్చుకున్నాడు గనుకనే ఇది పాఠాలుగా చెప్పదగిన విద్య అయింది. కొండమీది ప్రసంగంలో హృదయశుద్ధి గలవారికి ప్రభువు చేసిన వాగ్దానం “వారు దేవుని చూచెదరు” అన్నది. దుఃఖపడువారు కూడా ధన్యులే అని అదే ప్రసంగం చెబుతున్నందున, ధన్యత ఆ పూట మనసు ఉల్లాసంగా ఉండడం మీద ఆధారపడలేదని తెలుస్తోంది. 1640లలో లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ సభ అనే క్రైస్తవ బోధకుల సభ విశ్వాస బోధకోసం సిద్ధపరచిన చిన్న ప్రశ్నోత్తరావళి, మనిషి ప్రధాన గమ్యమేమిటన్న మొదటి ప్రశ్నకు, దేవుని మహిమపరచడం, ఆయనయందు నిరంతరం ఆనందించడం అని ఒకే జవాబు ఇచ్చింది. మొదటిది పని, రెండవది జీతం అని అక్కడ లేదు. పెద్ద కుమారునికి తండ్రి ఇచ్చిన జవాబు కూడా అటువంటిదే: “నీవెల్లప్పుడును నాతో కూడ ఉన్నావు, నావన్నియు నీవి.”

ఇక తప్పిపోయిన చోటును ఎలా రాయాలో చూద్దాం. “నాలో గర్వం ఉంది” వంటి వాక్యాలు రాయవద్దు, అవి ఎవరికైనా సరిపోతాయి. “పరిశుద్ధులై యుండవలెను” అన్న ఆజ్ఞతో మొదలయ్యే లేవీయకాండము 19వ అధ్యాయం పొలం అంచున పేదలకు వదలవలసిన పంట గురించి, గ్రుడ్డివాని ముందు అడ్డం వేయకపోవడం గురించి, న్యాయమైన త్రాసుల గురించి, కూలివాని కూలి తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోకపోవడం గురించి మాట్లాడుతుంది. ఒక సాయంత్రం నేను “ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి” అన్న వాక్యం మీద మాట్లాడడానికి చొక్కా మార్చుకుని బయలుదేరుతుంటే, ఇంట్లో పనిచేసే ఆవిడ నెల జీతం కోసం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఫోన్‌లో ఛార్జింగ్ లేదని, రేపు ఇస్తానని చెప్పాను. కన్నడంలో “ఆయ్తు సార్” (సరే సార్) అని, చేతిలోని ఖాళీ టిఫిన్ డబ్బా కొంగుతో తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది. ఛార్జింగ్ నలభై శాతం ఉంది. ఆ రాత్రి క్యాలెండర్ కాగితం వెనుక రాసిన వాక్యం అదొక్కటే: నలభై శాతం ఉంది.

ఈ వారం అభ్యాసం కొంచెం బరువైనదే. ఆ 19వ అధ్యాయాన్ని పెన్సిల్‌తో చదివి, డబ్బు, పని, నోరు ఈ మూడింటికి సంబంధించిన వచనాలను గుర్తించండి. వాటిలో మీరు ఎవరికైనా బాకీ పడి ఉన్నది ఒకటి ఎంచుకుని, శనివారం చీకటి పడేలోపు తీర్చండి. సెలవు పెట్టిందని పనిమనిషి జీతంలో కోసిన రోజుల డబ్బు ఉంటే దానితోనే మొదలుపెట్టవచ్చు. తీర్చిన సంగతి రాత్రి కాగితంలో రాయవద్దు, సాక్ష్యంగా చెప్పవద్దు, రాస్తే అది మరో మేకపిల్ల అవుతుంది. తప్పిపోయిన చోటును మాత్రం నమ్మకమైన ఒక్కరితో చెప్పండి. 1738లో ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ తన చిన్న గుంపులకు రాసిన నియమాలలో, గత కూడిక తరువాత తెలిసి చేసిన పాపమేమిటని ఒకరినొకరు అడగాలని ఉంది. భార్యాభర్తలు ఒకరినొకరు అడగడం నేను సిఫారసు చేయను. మా ఇంట్లో ఒకసారి ప్రయత్నించాము, రెండవ ప్రశ్న వరకు వెళ్ళలేదు. ప్రమోషన్ రాని సోదరుడు అదనంగా ఒక పని చేయాలి: ఆ పక్క టీమ్ అతనిని సోమవారం కాఫీకి పిలిచి అభినందించి, బిల్లు తానే కట్టాలి.