లాటిన్ మూలం తెలిసినా ఇంగ్లిష్ మాట దగ్గర తప్పు పోతోందా? సమస్య – పరిష్కారం

జీఆర్ఈకో బ్యాంకు పరీక్షకో చదివేవాళ్ల దగ్గర లాటిన్ మూలాల పట్టిక ఒకటి ఉంటుంది. 'స్పెక్ట్' అంటే చూడటం, 'పోర్ట్' అంటే మోయడం, 'డిక్ట్' అంటే చెప్పడం. చాలా మాటలకు అది బాగానే పనికొస్తుంది. కొన్నిచోట్ల మాత్రం నిలువునా ముంచుతుంది. అలా ముంచే చోట్లు తెలిసినవే, మళ్లీమళ్లీ ఎదురయ్యేవే. తప్పు ఎలా కనబడుతోందో చూస్తే కారణం చెప్పొచ్చు.

సమస్య: అక్షరం ఎక్కడ రెండుసార్లు రాయాలో తెలియడం లేదు

'అకామడేట్', 'రికమెండ్', 'అకరెన్స్', 'డిసప్పాయింట్'. స్పెల్లింగ్ తప్పుల్లో ఎక్కువ వీటి దగ్గరే. కళ్లతో బట్టీ పట్టబట్టే ఈ ఇబ్బంది. విడదీస్తే పోతుంది.

లాటిన్ ఉపసర్గ చివరి హల్లు తర్వాత వచ్చే హల్లుగా మారిపోతుంది. మనకిది కొత్త కాదు. జగత్ + నాథుడు జగన్నాథుడైంది, సత్ + జనుడు సజ్జనుడయ్యాడు, ఉత్ + లాసం ఉల్లాసమైంది. లాటిన్‌లోనూ అంతే. 'దగ్గరికి' అనే అర్థమున్న 'అడ్' తర్వాతి అక్షరాన్ని బట్టి అక్, అఫ్, అగ్, అల్, అన్, అప్, అర్, అస్, అట్ అవుతుంది. 'సబ్' సక్, సఫ్, సప్ అవుతుంది. 'కామ్' కాల్, కార్, కాన్ అవుతుంది. లేదనే అర్థమున్న 'ఇన్' ఇల్లీగల్‌లో ఇల్, ఇర్రెగ్యులర్‌లో ఇర్, ఇమ్మెచ్యూర్‌లో ఇమ్.

ఇప్పుడు 'అకామడేట్' విప్పండి: అడ్ + కామ్ + మోడస్ (కొలత, పద్ధతి). 'అడ్'లోని డీ సీగా మారింది కాబట్టి రెండు సీలు. 'కామ్'లోని ఎమ్, 'మోడస్'లోని ఎమ్ పక్కపక్కన పడ్డాయి కాబట్టి రెండు ఎమ్‌లు.

'రికమెండ్' ఇంకోలా ఉంటుంది: రె + కామ్ + మండారే (అప్పగించడం). 'రె' అచ్చుతో ముగుస్తుంది, మారడానికి అందులో హల్లే లేదు. అందుకే సీ ఒక్కటే, ఎమ్ రెండు. అకామడేట్ అలవాటుతో ఇక్కడా రెండు సీలు రాసేస్తారు. 'అకరెన్స్' ఆబ్ + కుర్రెరే (పరుగెత్తడం). రెండు సీలు సంధి వల్ల వచ్చాయి, రెండు ఆర్‌లు మాత్రం ధాతువులోవే. 'డిసప్పాయింట్' అంటే డిస్ + అప్పాయింట్, కాబట్టి ఎస్ ఒకటి, పీ రెండు. 'డిస్సాటిస్‌ఫై'లో డిస్ పక్కనే సాటిస్ ఉంది, ఎస్ రెండు.

చేయాల్సింది: ముందు ధాతువు ఎక్కడ మొదలవుతోందో గుర్తించండి. దాని ముందున్న ఉపసర్గ హల్లుతో ముగిస్తే అక్షరం రెండు కావచ్చు. రె, డీ, ప్రీ, ప్రో లాంటి అచ్చుతో ముగిసేవైతే ఒక్కటే. 'ప్రొఫెసర్'కు రెండు ఎఫ్‌లు ఎందుకు ఉండవో ఇక వేరే చెప్పక్కర్లేదు.

సమస్య: మూలం సరిగ్గానే పట్టుకున్నా అర్థం పొసగడం లేదు

'పెడ్' అంటే పాదం అని నేర్చుకున్నవాళ్లు 'పీడియాట్రిక్స్' చూసి పాదాల వైద్యం అనుకుంటారు. కారణం: ఇక్కడున్నవి రెండు వేర్వేరు మూలాలు. లాటిన్ 'పెస్, పెడిస్' పాదం. పెడల్, పెడెస్ట్రియన్, సెంటిపీడ్, ఇంపీడ్ దాన్నుంచి వచ్చాయి. గ్రీకు 'పైస్, పైడోస్' పిల్లవాడు. పీడియాట్రిక్స్, పెడగాగీ దాన్నుంచి.

బ్రిటిష్ స్పెల్లింగ్ కాస్త సాయం చేస్తుంది. పీడియాట్రిక్స్‌లో 'పీ' తర్వాత 'ఏ-ఈ' రెండూ ఉంటాయి. అమెరికన్ స్పెల్లింగ్‌లో 'ఏ' ఎగిరిపోతుంది, అక్కడే తికమక. మాట రెండో సగం చూడటం ఇంకా నమ్మకమైన పద్ధతి. అది గ్రీకుదైతే (వైద్యానికి 'యాట్ర్', నడిపించడానికి 'అగోగ్') మొదటి సగాన్నీ గ్రీకుగానే తీసుకోండి. 'పెడోమీటర్' ఈ సూత్రానికి లొంగదు. లాటిన్ పాదానికి గ్రీకు మీటర్ తగిలించి చేసిన మాట అది.

'ఆర్థోపెడిక్స్' దగ్గర అందరూ పొరబడతారు. ఎముకల డాక్టరు కాళ్లు చూస్తాడు కాబట్టి పాదమే అనిపిస్తుంది. నిజానికి 1741లో ఫ్రెంచ్ వైద్యుడు నికొలా ఆంద్రీ పిల్లల శరీరంలోని వంకరలు సరిచేయడం గురించి రాస్తూ 'నిటారు', 'పిల్లవాడు' అనే రెండు గ్రీకు మాటలు కలిపి కట్టిన పేరిది. ఇప్పుడు ఆ డాక్టర్ల దగ్గర క్యూ కట్టేది ఎక్కువగా మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లే. మాట మాత్రం పిల్లలదే.

'సిడ్' కూడా ఇలాంటిదే, పైగా ఇక్కడ రెండు మూలాలూ లాటినే. 'కేడెరే' కోయడం, 'కాడెరే' పడటం. ముందు ఉపసర్గ చేరితే రెండింటి అచ్చూ 'ఇ'గా మారి ఒకేలా కనబడతాయి. డిసైడ్ అంటే కోసి తేల్చేయడం, యాక్సిడెంట్ అంటే వచ్చి మీద పడటం. తేడా పట్టాలంటే నామవాచకం చూడండి. డెసిషన్, ఇన్సిషన్, ప్రెసిషన్ అని 'సిషన్' వస్తే కోత. యాక్సిడెంట్, ఇన్సిడెంట్, కోఇన్సిడెన్స్ అని 'సిడెంట్', 'సిడెన్స్' వస్తే పడటం.

ఇదే జాబితాలో వేసుకోవాల్సినవి ఇంకో జత: టెర్రిటరీ, టెర్రర్. మొదటిది భూమి అనే అర్థమున్న 'టెర్రా' నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు, రెండోది భయపెట్టే 'టెర్రెరే' నుంచి.

సమస్య: 'ఇన్' ఉంది కదా అని వ్యతిరేకార్థం రాశాను

పెట్రోల్ ట్యాంకర్ల వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఎర్రక్షరాలతో ఉంటుంది. 'ఇన్' అంటే కాదు అనుకుంటే అంటుకోదని అర్థం వస్తుంది, ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు లేదు. లాటిన్‌లో 'ఇన్' రెండున్నాయి. ఒకటి లేదు, కాదు అనేది. రెండోది లోపలికి, మీదికి అనేది. 'ఇన్‌ఫ్లామారే' అంటే నిప్పంటించడం, అందుకే ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఫ్లేమబుల్ అన్నా మండేదే. ఈ గందరగోళం చూసే 1920ల్లో అమెరికా అగ్నిభద్రతా సంస్థలు ఫ్లేమబుల్ అనే రాయమని పట్టుబట్టాయి. మండనిదానికి మాట 'నాన్‌ఫ్లేమబుల్'.

పరీక్ష: 'ఇన్'తో కలిపి క్రియ ఉందా? 'ఇన్‌ఫ్లేమ్' ఉంది, కాబట్టి అది మీదికి. 'ఇన్‌వాల్యూ' అనే క్రియ లేదు, కాబట్టి 'ఇన్‌వాల్యుబుల్'లోది లేదు అనేదే. విలువ లేనిదని మాత్రం కాదు, విలువ కట్టలేనంతది.

సమస్య: 'సీడ్'తో ముగిసే క్రియల స్పెల్లింగ్

మూడింటికే 'సీ-ఈ-ఈ-డీ': ఎక్సీడ్, ప్రొసీడ్, సక్సీడ్. ప్రిసీడ్, రిసీడ్, కన్సీడ్, ఇంటర్‌సీడ్ లాంటివన్నీ 'సీ-ఈ-డీ-ఈ'. ఇవన్నీ వెళ్లడం, తగ్గడం అనే 'కేడెరే' (సీ తర్వాత ఒక్క 'ఈ' ఉండేది; పైన చెప్పిన కోతలో 'ఏ-ఈ' రెండూ ఉంటాయి) నుంచి వచ్చాయి. ఒక్క 'సూపర్‌సీడ్' మాత్రం 'ఎస్-ఈ-డీ-ఈ', ఎందుకంటే దాని మూలం కూర్చోవడం అనే 'సెడెరే': పాతదాని మీద ఎక్కి కూర్చోవడం. ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనబడే 'ఇన్ సూపర్‌సెషన్ ఆఫ్' గుర్తుంటే ఎస్ మర్చిపోరు. ఒక మెలిక: 'ప్రొసీడ్'లో రెండు 'ఈ'లున్నా 'ప్రొసీజర్'లో సీ తర్వాత ఒక్కటే.

సమస్య: బైయాన్యువల్, బైయెన్నియల్ కలిసిపోతున్నాయి

రెంటికీ సంవత్సరం అనే 'అన్నుస్' మూలం. బైయాన్యువల్ ఏడాదికి రెండుసార్లు, బైయెన్నియల్ రెండేళ్లకోసారి. సమాసం మధ్యలో పడిన 'అ' లాటిన్‌లోనే 'ఎ' అయింది, పెరెన్నియల్, మిలెన్నియమ్ అలా వచ్చినవే. మిలెన్నియమ్‌కు ఎల్ రెండు, ఎన్ రెండు. 'మిల్లె' (వెయ్యి)లో ఉన్నవి ఆ ఎల్‌లు, 'అన్నుస్'లో ఉన్నవి ఆ ఎన్‌లు.

సమస్య: సంస్కృతంతో పోల్చి గుర్తుపెట్టుకుంటే ఒక్కోసారి తప్పుతోంది

పద్ధతి మంచిదే. డెంటల్–దంతం, ఇగ్నిషన్–అగ్ని, సర్పెంట్–సర్పం, వోకల్–వాక్కు, డొనేట్–దానం, నామినేట్–నామం, మీడియం–మధ్యం, జువెనైల్–యువ. ఇవి నిజంగా చుట్టాలే. అంతమాత్రాన లాటిన్ సంస్కృతం నుంచి పుట్టిందని కాదు. రెండూ ఒకే పాత భాష నుంచి చీలాయి. గ్రీకు, లాటిన్, సంస్కృతాలకు ఉమ్మడి మూలం ఉండి ఉండాలని భాషా పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో అన్నాడు.

తప్పేది పోలిక శబ్దం దగ్గరే ఆగిపోయినప్పుడు. మెంటల్ మనస్సుకు చుట్టమే, మాన్యువల్ కాదు, అది చెయ్యి అనే 'మానుస్' నుంచి వచ్చింది. సెయింట్‌కు, హిందీ సంత్‌కు అసలు సంబంధమే లేదు. చెయ్యి, కాలు, పన్ను లాంటి అచ్చతెలుగు మాటలతో ఈ పోలిక వెతకొద్దు, మన భాషది ద్రావిడ కుటుంబం. నమ్మే ముందు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనో, మాటల పుట్టుక చెప్పే ఎటిమాన్‌లైన్ వెబ్‌సైట్‌లోనో ఒకసారి చూసుకోండి. అర నిమిషం పని.

సమస్య: కథ బాగుంది, కానీ నిజమేనా?

'సిన్సియర్' అంటే మైనం పూయనిది, శిల్పులు పగుళ్లను మైనంతో కప్పేవాళ్లు అని ఓ కథ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. దానికి ఆధారం లేదు. 'సిన్కేరుస్' అంటే స్వచ్ఛమైనది, అంతే. 'శాలరీ' మాత్రం సగం నిజం. మాట ఉప్పు అనే 'సాల్'కు సంబంధించిందే, రోమన్ సైనికులకు జీతం ఉప్పు రూపంలో ఇచ్చారనడానికే రుజువు లేదు. ఇంకోవైపు 'నైస్' లాటిన్ 'నెస్కియుస్' నుంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు, దాని అర్థం ఏమీ తెలియనివాడు. అది మాత్రం నిజం. వినసొంపుగా ఉండటం రుజువు కాదు, వింతగా ఉండటం లోపమూ కాదు.

సమస్య: పలకని అక్షరం ఎందుకుందో తెలియక వదిలేస్తున్నాను

'డెట్', 'డౌట్', 'రిసీట్' ఫ్రెంచ్ మీదుగా వచ్చినప్పుడు వాటిలో బీ, పీ ఉండేవే కావు. లాటిన్ చదివిన పండితులు 'డెబిటుమ్', 'డుబిటారే', 'రెకెప్టా' గుర్తుకొచ్చేలా ఆ అక్షరాలు మళ్లీ దూర్చారు, జనం నోరు మాత్రం మారలేదు. గుర్తుపెట్టుకోవడానికి పలికే చుట్టాన్ని పక్కన పెట్టండి: డెట్‌కు డెబిట్, డౌట్‌కు డూబియస్, రిసీట్‌కు రిసెప్షన్. ఈ చిట్కా 'ఐలాండ్'కు పనిచేయదు. అది పాత ఇంగ్లిష్ మాట, లాటిన్ 'ఇన్సులా'తో దానికి చుట్టరికం లేదు. ఫ్రెంచ్ నుంచి వచ్చిన 'ఐల్' చూసి ఎవరో పొరపాటున పెట్టిన ఎస్ అది, దాన్ని బట్టీ పట్టాల్సిందే.